నెల్లూరులో ఊరి కబురు ముందే తెలియాలంటే ఎక్కడ చూడాలి, ఎవరిని అడగాలి

మీ ప్రశ్న మళ్లీ ఒకసారి రాస్తున్నాను, కొత్తగా చదివేవాళ్లకు అర్థం కావడానికి. వేదాయపాళెంలో ఇల్లు కొనుక్కుని ఏడాది దాటింది, వీధి తవ్వుతున్నారని జేసీబీ వచ్చి నిలబడ్డాకే తెలుస్తోంది, నీళ్లు రావని ట్యాంకు ఖాళీ అయ్యాక తెలుస్తోంది, రొట్టెల పండుగకు దారి మళ్లించారని ఆ దారిలో ఇరుక్కున్నాక తెలుస్తోంది, ఇవన్నీ ముందే తెలిసే చోటు ఏదైనా ఉందా, ఒంగోలులో ఉంటున్న మా అమ్మానాన్నలకు కూడా పనికొచ్చేలా చెప్పండి అని అడిగారు.

చాలా ఏళ్లు నెల్లూరులో మున్సిపల్ వార్తలు రాసినవాణ్ణి కాబట్టి చెబుతున్నాను. అన్నీ ఒకేచోట చెప్పే బోర్డు గానీ యాప్ గానీ లేదు. కానీ కార్పొరేషన్ పని ఏదైనా సరే మీ వీధిలోకి రావడానికి ముందు కాగితం మీద చాలా దూరం నడుస్తుంది. అంచనా వేస్తారు, అజెండాలో పెడతారు, తీర్మానం చేస్తారు, టెండరు పిలుస్తారు, అగ్రిమెంటు రాసుకుంటారు, ఆ తర్వాతే జేసీబీ వస్తుంది. పేపర్లో మనం చదివేది చాలాసార్లు తీర్మానం అయిపోయాక వచ్చే కబురు. మీరు వార్త కోసం చూస్తున్నారు, చూడాల్సింది దాని ముందున్న కాగితం కోసం. నేను చెప్పబోయేదంతా ఆ కాగితం ఎక్కడ కనబడుతుందన్న దాని గురించే.

ముందు మీ ఇంటి చిరునామా సంగతి తేల్చుకోండి. మీది ఏ డివిజన్, ఏ వార్డు సచివాలయం, ఏ అసెంబ్లీ నియోజకవర్గం, ఈ మూడూ తెలియకుండా ఎవరికి ఫోన్ చేసినా "అది మా పరిధి కాదండీ" అనే సమాధానమే వస్తుంది. నెల్లూరు కార్పొరేషన్‌లో 54 డివిజన్లు ఉన్నాయి. నగరం రెండు అసెంబ్లీ నియోజకవర్గాల్లో ఉంది, కొన్ని డివిజన్లు నెల్లూరు సిటీలోకి, మిగతావి నెల్లూరు రూరల్‌లోకి వస్తాయి. అంటే కార్పొరేషన్ ఒక్కటే అయినా ఎమ్మెల్యేలు ఇద్దరు. రోడ్డుకు ఇటుపక్క వాళ్లకు శంకుస్థాపన జరిగి అటుపక్క వాళ్లకు జరగకపోవడానికి చాలాసార్లు కారణం ఇదే, బయటి నుంచి వచ్చినవాళ్లకు ఇది అర్థం కావడానికి చాలా కాలం పడుతుంది. పేరులో రూరల్ ఉంది కదా అది పంచాయతీ అనుకోకండి, రూరల్ నియోజకవర్గంలో ఉన్న డివిజన్లు కూడా కార్పొరేషనే.

వార్డు సచివాలయాలు 2019 అక్టోబరు 2న మొదలయ్యాయి. పట్టణాల్లో సుమారు 4 వేల జనాభాకు ఒకటి అనే లెక్కన పెట్టారు కాబట్టి ఒక డివిజన్‌లో రెండు మూడు ఉండొచ్చు, ఇంటికి దగ్గరగా ఉన్నదే మీది కావాలని లేదు. లోపలికి వెళ్లి డోర్ నంబరు చెప్పి అడగండి, మీ ఇల్లు వాళ్ల మ్యాపింగ్‌లో ఉందో లేదో చూసి చెబుతారు. అక్కడ పనిచేసేవాళ్లను కూడా తెలుసుకోవాలి, ఎందుకంటే జనం అందరినీ కలిపి "సచివాలయం వాళ్లు" అంటారు గానీ ఒక్కొక్కరిది ఒక్కో పని. నీళ్లు, వీధి దీపాలు, రోడ్లు, కాలువల సంగతి ఎమినిటీస్ సెక్రటరీది. చెత్త, దోమలు, కాలువల పూడిక శానిటేషన్ సెక్రటరీది. ఇళ్ల ప్లాన్లు, అక్రమ కట్టడాలు ప్లానింగ్ సెక్రటరీవి. ఇంటి పన్ను, కుళాయి పన్ను అడ్మిన్ సెక్రటరీవి. మీ వీధిలో తవ్వకం ఎప్పుడో ఎమినిటీస్ సెక్రటరీకి తెలుస్తుంది, అతను గానీ ఆమె గానీ మీ ఫోన్‌లో ఉండాల్సిన మొదటి నంబరు. నెలకోసారి ఊరికే వెళ్లి "మా వీధికి ఏమైనా పని వస్తోందా సార్" అని అడగండి. అడిగేవాళ్లు చాలా తక్కువ మంది, అందుకే అడిగినవాళ్లకు బాగానే చెబుతారు. నోటీసు బోర్డు మీద జాబితాలు అంటిస్తారు, పింఛన్లు, ఇళ్ల స్థలాలు, ఓటర్ల జాబితా మార్పులు, వాటిని కూడా ఓసారి చూసి రండి.

ఇక అసలు విషయం కౌన్సిల్ సమావేశం. దీని గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఊరికి సంబంధించిన పెద్ద నిర్ణయాలన్నీ అక్కడ పుడతాయి, కానీ సమావేశంలో ఎవరు ఎవర్ని తిట్టారు, ఎవరు వాకౌట్ చేశారు, మైకు ఎవరు లాక్కున్నారు అన్నదే బయటికి వస్తుంది. పేపర్లో గొడవ రెండు కాలమ్‌లు వస్తుంది, ఆ గొడవ జరుగుతుండగా ఆమోదం పొందిన అంశాల సంగతి రెండు లైన్లు వస్తుంది. నేను విలేకరిగా ఉన్నప్పుడు కూడా ఇదే జరిగేది, ఇప్పుడు వీడియోల కాలం కాబట్టి ఇంకా ఎక్కువైంది. మీకు కావాల్సింది ఆ రెండు లైన్లు.

సమావేశానికి కొన్ని రోజుల ముందు సభ్యులందరికీ అజెండా పుస్తకం వెళుతుంది. అందులో ప్రతి అంశానికీ ఒక నంబరు, ఏ విభాగం నుంచి వచ్చింది, ఎంత డబ్బు, ఏ నిధుల నుంచి, కమిషనర్ ఆఫీసు నోట్ ఏమిటి అని ఉంటుంది. మీ డివిజన్ కార్పొరేటర్ దగ్గర ఆ పుస్తకం ఉంటుంది. అది రహస్య పత్రమేమీ కాదు, "ఈసారి అజెండాలో మన డివిజన్ పనులు ఏమున్నాయి, ఆ పేజీలు ఫొటో తీసి పంపండి" అని అడగవచ్చు. మొదటిసారి అడిగితే వింతగా చూస్తారు, రెండోసారికి అలవాటవుతుంది. ఇక్కడ ఒక మాట నొక్కి చెబుతాను. మన రాష్ట్రంలో స్థానిక సంస్థల్లో సగం సీట్లు మహిళలకు రిజర్వు చేశారు, మీ కార్పొరేటర్ మహిళ అయితే ఆమెకే ఫోన్ చేయండి, ఆమెనే అడగండి. భర్తతోనో కొడుకుతోనో మాట్లాడి సరిపెట్టుకోవడం మనం చేసే తప్పు, ఎన్నికైంది ఆమె, తీర్మానం మీద చెయ్యెత్తేది ఆమె, ప్రజలు నేరుగా అడగడం మొదలుపెట్టిన చోట ఆ మహిళలు కౌన్సిల్‌లో గట్టిగా మాట్లాడటం నేను కళ్లారా చూశాను.

అజెండా చేతికొస్తే ఏం చూడాలి? ముందు మీ వీధి పేరు, చుట్టుపక్కల వీధుల పేర్లు. తర్వాత "ర్యాటిఫికేషన్" అనే మాట ఎక్కడుందో చూడండి, అంటే పని ముందే మొదలుపెట్టి లేదా పూర్తిచేసి ఇప్పుడు ఆమోదం కోసం పెట్టారన్నమాట. అత్యవసరమై చేసినవి ఉంటాయి, వాన వచ్చి కల్వర్టు కొట్టుకుపోతే కౌన్సిల్ సమావేశం కోసం ఆగలేరు, కానీ ఆ పేరుతో అత్యవసరం కానివీ వస్తాయి. అన్నిటికంటే ముఖ్యంగా చూడాల్సింది టేబుల్ అజెండా. ముందు పంపిన పుస్తకంలో లేకుండా సమావేశం రోజున బల్ల మీద పెట్టే అంశాలు. సభ్యులకే చదివే టైము ఉండదు, ఇక మనకేం తెలుస్తుంది. అందుకే సమావేశం అయిన మర్నాడు కార్పొరేటర్‌ని అడగాల్సిన ప్రశ్న "టేబుల్ ఐటమ్స్ ఏం వచ్చాయి" అన్నదే. ఏ తీర్మానానికైనా ఎవరైనా వ్యతిరేకంగా డీసెంట్ నోట్ రాసిచ్చారా అని కూడా అడగండి, రాసిచ్చి ఉంటే అది మినిట్స్‌లోకి ఎక్కాలి, నోటితో అరిచి వెళ్లిపోతే ఎక్కదు.

సమావేశం కాకుండా కొద్దిమంది సభ్యులతో స్టాండింగ్ కమిటీ అని ఇంకొకటి ఉంటుంది కార్పొరేషన్లలో. చాలా ఖర్చుల ఆమోదం అక్కడ ప్రశాంతంగా జరిగిపోతుంది, గొడవ ఉండదు కాబట్టి వార్తా ఉండదు. దాని మీద కూడా ఓ కన్నేయండి. ఇక బడ్జెట్ సమావేశం ఏప్రిల్ 1 లోపే జరగాలి కాబట్టి జనవరి, ఫిబ్రవరిల్లోనే మీ కాలనీ తరఫున ఉత్తరం ఇవ్వండి. మే నెలలో వెళ్లి పార్కు కావాలంటే ఈ ఏడాదికి పద్దు లేదంటారు, అది నిజమే అవుతుంది కూడా.

పాలకవర్గానికి ఐదేళ్ల గడువు. ఒంగోలుకు 2021 మార్చిలో ఎన్నికలు జరిగాయి, నెల్లూరుకు అదే ఏడాది నవంబరులో జరిగాయి, కాబట్టి రెండు ఊళ్ల గడువు ఒకేసారి ముగియదు. గడువు ముగిశాక మళ్లీ ఎన్నికలు జరిగేదాకా ప్రత్యేకాధికారి పాలన ఉంటుంది. ఆ కాలంలో కౌన్సిల్ చేయాల్సిన తీర్మానాలు ప్రత్యేకాధికారి సంతకంతో అయిపోతాయి. గొడవలు ఉండవు, వార్తలూ ఉండవు, ఊరంతా ప్రశాంతంగా ఉన్నట్టుంటుంది. నా దృష్టిలో ప్రజలు ఎక్కువ కళ్లు తెరిచి ఉండాల్సింది అప్పుడే, ఎందుకంటే అడగడానికి కార్పొరేటర్ ఉండరు, మనమే నేరుగా అడగాలి.

అలా నేరుగా అడగడానికి సమాచార హక్కు చట్టం ఉంది, 2005 నుంచి. కార్పొరేషన్‌లో పౌర సమాచార అధికారికి తెల్లకాగితం మీద రాసి 10 రూపాయల రుసుము కడితే 30 రోజుల్లో సమాధానం ఇవ్వాలి. ఇవ్వకపోతే ఆ ఆఫీసులోనే పై అధికారికి 30 రోజుల్లోపు మొదటి అప్పీలు, అక్కడా కాకపోతే 90 రోజుల్లోపు రాష్ట్ర సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు. ఇది అందరికీ తెలిసిందే, తెలియనిది ఏమిటంటే ప్రశ్న ఎలా అడగాలన్నది. "మా వీధి రోడ్డు ఎందుకు వేయలేదు" అని అడిగితే సమాధానం రాదు, ఎందుకు అనేది సమాచారం కాదు. "ఫలానా నెల కౌన్సిల్ సమావేశం అజెండా, టేబుల్ అజెండా, మినిట్స్ నకళ్లు ఇవ్వండి", "ఫలానా వీధి సీసీ రోడ్డు పని అంచనా, అగ్రిమెంటు, ఎం-బుక్ (చేసిన పని కొలతలు రాసే పుస్తకం) నకళ్లు ఇవ్వండి" అని అడిగితే తప్పించుకోవడానికి వీలుండదు. లేదా రికార్డు చూసుకుంటానని అడగండి, మొదటి గంట ఉచితం, కావాల్సిన పేజీలకే డబ్బు కట్టి నకలు తీసుకోవచ్చు.

తవ్వకాల సంగతికి వస్తాను, మీ కోపమంతా దాని మీదే ఉంది కదా. నెల్లూరు వాళ్లకు తవ్వకాలు కొత్త కాదు, హడ్కో అనే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఇచ్చిన అప్పుతో భూగర్భ డ్రైనేజీ, మంచినీటి పైపుల పనులు మొదలైనప్పుడు నగరంలో తవ్వని వీధి లేదన్నట్టు ఉండేది, ముసలివాళ్లు గుడికి వెళ్లడానికి కూడా భయపడేవారు. అప్పుడు నేర్చుకున్నది ఏమిటంటే, పని ఎప్పుడు మొదలవుతుందన్న దానికంటే ఏ కాలంలో మొదలవుతుందన్నది చూడాలి. మనకు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాలు. హైదరాబాదులోనో బెంగళూరులోనో చూసిన లెక్క ఇక్కడ పనికిరాదు. ఆగస్టు, సెప్టెంబరుల్లో టెండరు ఖరారై తవ్వకం మొదలైతే ఆ గుంతలు వానల్లో నోళ్లు తెరుచుకుని ఉంటాయి. అందుకని ఎండాకాలంలోనే, ప్రభుత్వ టెండర్లు ఆన్‌లైన్‌లో పెట్టే ఈ-ప్రొక్యూర్‌మెంట్ పోర్టల్‌లో నెల్లూరు కార్పొరేషన్ టెండర్లు చూడండి, ఎవరైనా చూడొచ్చు, వీధి పేరుతో సహా ఉంటాయి. మీ వీధి పని కనిపిస్తే కార్పొరేషన్ ఏఈకి, అంటే అసిస్టెంట్ ఇంజినీరుకు ఉత్తరం ఇవ్వండి, వానలకు ముందే పూర్తిచేయాలని, లేదా వానలయ్యాక మొదలుపెట్టాలని. ఉత్తరం రెండు కాపీలు తీసుకెళ్లి ఒకదాని మీద తేదీ వేసి సంతకం, ముద్ర వేయించుకోవడం మర్చిపోకండి.

పని జరుగుతున్నప్పుడు పని పేరు, మొత్తం, కాంట్రాక్టరు పేరు, గడువు ఉన్న బోర్డు పెట్టాలి. లేకపోతే అడగండి, ఉంటే ఫొటో తీసి దాచుకోండి. రోడ్డు వేశాక అగ్రిమెంటులో డిఫెక్ట్ లయబిలిటీ పీరియడ్ అని ఉంటుంది, ఆ గడువులో పాడైతే కాంట్రాక్టరే సొంత ఖర్చుతో బాగుచేయాలి. ఆరు నెలలకే పెచ్చులూడిన రోడ్డుకు కొత్త అంచనా వేసి మళ్లీ మన పన్నుల డబ్బు పెట్టడం చూస్తుంటాం, ఆ గడువు తేదీ తెలిసినవాళ్లు వీధిలో ఒక్కరున్నా అది ఆగుతుంది.

రోడ్డు ఎవరిదన్నది కూడా తెలియాలి. జాతీయ రహదారి కార్పొరేషన్‌ది కాదు, కొన్ని పెద్ద రోడ్లు ఆర్ అండ్ బీ శాఖవి, సాగునీటి కాలువలు జలవనరుల శాఖవి, కరెంటు నెల్లూరులో ఎస్పీడీసీఎల్ అనే విద్యుత్ పంపిణీ సంస్థది. కరెంటు పోతే 1912, వీధి దీపం వెలగకపోతే కార్పొరేషన్. దీపం గురించి కరెంటోళ్లను, ట్రాన్స్‌ఫార్మర్ గురించి కార్పొరేషన్‌ను అడిగి రోజులు పోగొట్టుకునేవాళ్లు చాలామంది. కరెంటు పనుల కోసం ఫలానా ఫీడర్లలో సరఫరా ఆపుతామని ముందురోజు ప్రకటన ఇస్తారు, జిల్లా పేజీల్లో చిన్న అక్షరాల్లో వస్తుంది.

పేపర్ల గురించి అడిగారు కాబట్టి. నెల్లూరు ఊరి వార్తకు విలువిచ్చిన ఊరు, జమీన్ రైతు లాంటి పత్రిక ఇక్కడ పుట్టి పెరిగింది. ఇప్పుడు పెద్ద పత్రికలన్నిటికీ జిల్లా పేజీలు ఉన్నాయి. పై హెడ్డింగులు వదిలేసి ముందు "నేడు", "నగరంలో నేడు" లాంటి చిన్న కాలమ్ చూడండి, తర్వాత బహిరంగ ప్రకటనలు, టెండరు నోటీసులు చూడండి. లోకల్ కేబుల్ ఛానెళ్లలో కింద వెళ్లే స్క్రోలింగ్‌లో నీళ్ల సరఫరా ఆపుతున్న సంగతి వస్తుంది. పైపులైను పగిలితే ఆటోకు మైకు కట్టి వీధుల్లో చెబుతారు, మీరు ఆఫీసులో ఉంటే వినబడదు, ఇంట్లో పని చేయడానికి వచ్చే అమ్మాయినో ఎదురింటి పెద్దావిడనో అడిగితే తెలుస్తుంది. కార్పొరేషన్ కమిషనర్, కలెక్టర్, ఎస్పీ కార్యాలయాలకు సోషల్ మీడియా ఖాతాలు ఉన్నాయి, మూడూ ఫాలో అవ్వండి.

వాట్సాప్ గ్రూపుల్లో వచ్చేదంతా నమ్మకండి, అలాగని గ్రూపుల్లోంచి బయటికీ రాకండి. ఏదైనా ప్రకటన ఫొటో వస్తే దాని మీద ఆర్‌సీ నంబరు (ఆఫీసు ఫైలు నంబరు), తేదీ, సంతకం ఉన్నాయా చూడండి. ఆఫీసు నుంచి వెళ్లే కాగితానికి అవి ఉంటాయి. ముఖ్యంగా తేదీ. వానాకాలంలో పాత వరద ఫొటోలు, పాత సెలవు ప్రకటనలు మళ్లీ తిరుగుతాయి, పిల్లల్ని బడికి పంపాలా వద్దా అని తల్లులు టెన్షన్ పడతారు.

మనవాళ్లు చులకనగా చూసే ఒక దారి ఉంది, దాని గురించి చెప్పకపోతే ఈ జవాబు సగమే. మెప్మా ఆర్పీలు. మెప్మా అంటే పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ, ఆర్పీలు అంటే దాని తరఫున పొదుపు సంఘాలను చూసుకునే మహిళలు. ఏ వీధిలో ఎవరికి ఏ పథకం వచ్చింది, ఏ మీటింగు ఎప్పుడు, ఏ అధికారి వస్తున్నారు, అన్నీ ముందుగా తెలిసేది వాళ్లకే. మీ ఇంట్లో ఎవరైనా పొదుపు సంఘంలో ఉంటే సగం సమస్య తీరినట్టే. ఈ జిల్లాలో ఆడవాళ్ల మధ్య నడిచే కబురుకు ఎంత బలముందో 1990ల మొదట్లోనే దేశమంతా చూసింది. దూబగుంటలో మొదలైన సారా వ్యతిరేక ఉద్యమం ఊరి నుంచి ఊరికి పాకింది, సారా వేలం పాటలు జరగాల్సిన రోజుకు వేల మంది మహిళలు వచ్చి అడ్డుకున్నారు, వేలం వాయిదా మీద వాయిదా పడింది, 1993లో మొదట జిల్లాలో, తర్వాత రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. వాళ్లు కొట్లు తెరిచాక వచ్చి ధర్నా చేయడంతో ఆగలేదు చూడండి, వేలం ఎప్పుడు జరుగుతుందో కనుక్కుని ఆ తేదీకి వచ్చారు. చదువు అప్పుడప్పుడే నేర్చుకుంటున్న మహిళలు చేసిన పని అది, స్మార్ట్‌ఫోన్లు చేతిలో ఉన్న మనం చేయలేమా?

ఇంటి పన్ను విషయంలో ఇలాంటి ముందుచూపు డబ్బు కూడా మిగులుస్తుంది. పన్ను అర్ధ సంవత్సరానికోసారి, ఏప్రిల్ నుంచి సెప్టెంబరు, అక్టోబరు నుంచి మార్చి. ఏడాది పన్ను మొత్తం ఏప్రిల్ 30 లోపు కడితే 5 శాతం తగ్గింపు. గడువు దాటితే వడ్డీ పడుతుంది, అది నెలనెలా పెరుగుతుంది. 2021 నుంచి అద్దె విలువ బదులు ఆస్తి మూలధన విలువ మీద పన్ను వేస్తున్నారు, ఏటా పెంపు 15 శాతం దాటకూడదన్న పరిమితి పెట్టారు. ఆ మార్పు తెచ్చినప్పుడు మున్సిపాలిటీలు ముసాయిదా నోటిఫికేషన్ ఇచ్చి అభ్యంతరాలు అడిగాయి. గడువులోపు రాసిచ్చినవాళ్లు కొద్దిమంది, డిమాండ్ నోటీసు చేతికొచ్చాక ఆఫీసు ముందు నిలబడినవాళ్లు వేలమంది. మాస్టర్ ప్లాన్ కూడా అంతే. నెల్లూరు పట్టణాభివృద్ధి సంస్థ, అదే నుడా, 2017లో ఏర్పడింది. మాస్టర్ ప్లాన్‌లో మీ ఇంటి మీదుగా 60 అడుగుల రోడ్డు గీశారో లేదో ముసాయిదా ప్రదర్శనకు పెట్టినప్పుడు చూసుకోవాలి, ప్లాను ఖరారై గెజిట్‌లోకి వెళ్లాక మార్పించుకోవడం మామూలు మనిషి వల్ల అయ్యే పని కాదు. "అభ్యంతరాలు, సూచనలు" అన్న రెండు మాటలు ఏ ప్రకటనలో కనిపించినా ఆగి చదవండి, ఏ శాఖదైనా సరే.

పన్ను కట్టడానికి, చాలా సర్టిఫికెట్లకు ఇప్పుడు మన మిత్ర వాట్సాప్ సేవ ఉంది, 2025 జనవరిలో మొదలైంది, నంబరు 95523 00009. ఆఫీసుకు వెళ్లాల్సిన పని చాలా తగ్గింది, అమ్మానాన్నలకు మీరే ఇక్కడి నుంచి కట్టేయొచ్చు.

పండుగలు, సభల గురించి. రొట్టెల పండుగ మొహర్రం నెలలో బారాషహీద్ దర్గా దగ్గర, స్వర్ణాల చెరువు ఒడ్డున జరుగుతుంది. చాంద్రమాన నెల కాబట్టి ఏటా సుమారు 11 రోజులు ముందే వస్తుంది, కిందటేడు తేదీలు చూసుకుని సెలవు పెడితే తప్పుతుంది. విద్య రొట్టె, ఉద్యోగ రొట్టె, సంతాన రొట్టె, సొంతింటి రొట్టె, ఇలా కోరిక కొద్దీ రొట్టె మార్చుకోవడానికి ఎక్కడెక్కడి నుంచో లక్షల మంది వస్తారు, మతం చూడరు. దీనికి కొన్ని వారాల ముందు నుంచే కలెక్టర్ దగ్గర సమీక్షలు మొదలవుతాయి, పార్కింగ్ ఎక్కడ, బస్సులు ఎక్కడ ఆపాలి, దర్గామిట్ట వైపు ఏ రోడ్డు ఏ టైముకు మూసేయాలి అన్నది ఆ సమీక్షల్లోనే తేలుతుంది, ఆ ప్రెస్‌నోట్ సమాచార శాఖ నుంచి అన్ని పత్రికలకూ వెళుతుంది. పోలీసులు ట్రాఫిక్ మళ్లింపు మ్యాపు కూడా విడుదల చేస్తారు. ఆ మ్యాపు ఒక్కటి గ్రూపులో పెట్టుకుంటే చాలు. వినాయక నిమజ్జనం రోజు గణేశ్ ఘాట్ వైపు, రంగనాథస్వామి రథోత్సవం రోజు రంగనాయకులపేట వైపు ఇదే పద్ధతి. జొన్నవాడ కామాక్షమ్మ బ్రహ్మోత్సవాలు వైశాఖంలో, ఆ రోజుల్లో జొన్నవాడ దారిలో రద్దీ ఉంటుంది, కానీ ఊళ్లో ఉండి ఆ ఉత్సవం చూడకుండా ఉండకండి. నాటకాలు, సాహిత్య సభలు, ఆరాధనోత్సవాలు టౌన్ హాల్లోనూ కస్తూర్బా కళాక్షేత్రంలోనూ జరుగుతుంటాయి, బయట ఫ్లెక్సీ కడతారు, ఎక్కువగా టికెట్ ఉండదు. పిల్లల్ని తీసుకెళ్లండి, ఊరితో పరిచయం అక్కడే మొదలవుతుంది.

ప్రతి నెలా మూడో శనివారం స్వర్ణాంధ్ర-స్వచ్ఛాంధ్ర కార్యక్రమం ఉంటుంది, 2025 జనవరి నుంచి జరుగుతోంది. అధికారులు వార్డుల్లోకి వస్తారు. చీపురు పట్టుకుని ఫొటో దిగి వెళ్లిపోయేవాళ్లు ఉంటారు, కానీ ఆ గంటసేపు హెల్త్ ఆఫీసరో ఇంజినీరో మీ వీధిలో నిలబడి ఉంటారు కదా, పూడిపోయిన కాలువ దగ్గరికి చేయిపట్టుకుని తీసుకెళ్లి చూపించే అవకాశం మళ్లీ ఎప్పుడొస్తుంది.

వరద గురించి విడిగా చెప్పాలి, ఇది మిగతా వాటిలా అసౌకర్యం మాత్రమే కాదు. 2021 నవంబరులో పెన్నకు వచ్చిన వరదలో భగత్ సింగ్ కాలనీ లాంటి చోట్ల ఇళ్లలోకి నీళ్లొచ్చాయి, పడుగుపాడు దగ్గర రైలు పట్టాలు దెబ్బతిన్నాయి, కోవూరు వైపు జాతీయ రహదారి మీద రాకపోకలు ఆగిపోయాయి. నెల్లూరులో ఎండ కాస్తున్నా సరే కడప వైపు వాన పడితే పెన్న పొంగుతుంది. అందుకని మన ఆకాశం చూసి నిశ్చింతగా ఉండకూడదు. సోమశిల జలాశయం 78 టీఎంసీలది, వానాకాలం చివర్లో అది నిండుగా ఉన్నప్పుడు పైనుంచి వచ్చిందంతా కిందికి వదలాల్సిందే. నవంబరు, డిసెంబరుల్లో రోజూ సోమశిల నిల్వ ఎంత, వదిలేది ఎన్ని క్యూసెక్కులు అన్నది చూడటం అలవాటు చేసుకోండి, పేపర్లలో వస్తుంది, జలవనరుల శాఖ విడుదల చేస్తుంది. విపత్తుల నిర్వహణ సంస్థ నంబర్లు 112, 1070. మీ ఇల్లు పెన్నకు దూరమే, కానీ మీ ఇంట్లో పనిచేసేవాళ్లో, మీ పాలాయనో నది ఒడ్డున ఉంటారు, సంగతి మీకు తెలిస్తే వాళ్లకు ఫోన్ చేయండి.

ఫిర్యాదు మాట. 1100కి ఫోన్ చేసి చెప్పొచ్చు, లేదా సోమవారం కలెక్టరేట్‌లో పీజీఆర్‌ఎస్‌కు, అంటే ప్రజా సమస్యల పరిష్కార వేదికకు వెళ్లి అర్జీ ఇవ్వొచ్చు. స్పందన అని పాతవాళ్లు అనేది దీన్నే. అర్జీ నంబరు తీసుకోండి. "పరిష్కరించాం" అని మెసేజ్ వచ్చి పని కాకపోతే ఊరుకోకుండా అదే నంబరుతో మళ్లీ తెరిపించండి. వీధి దీపానికి నేరుగా కలెక్టర్ దగ్గరికి పోవద్దు, ముందు సచివాలయం, తర్వాత ఏఈ, కమిషనర్, ఆ కాగితాలన్నీ జతచేసి అప్పుడు కలెక్టరేట్. కింద ఎవరినీ అడగకుండా వెళితే అర్జీ తిరిగి ఆ సచివాలయానికే వస్తుంది, మధ్యలో వారాలు పోతాయి.

ఇంతా ఒక్కరే చేయాలంటే కష్టం, ఉద్యోగం చేసుకునేవాళ్లకు అసలే కుదరదు. వీధిలో నలుగురు పంచుకోండి. ఒకరు సచివాలయం, ఒకరు కౌన్సిల్ అజెండా, ఒకరు పేపరు ప్రకటనలు, ఒకరు టెండర్లు. రిటైరైన టీచర్లు ఉంటే వాళ్లకు అజెండా ఇవ్వండి, లైను లైను చదువుతారు. అసోసియేషన్ రిజిస్టర్ చేయిస్తే ఉత్తరాలకు బరువు వస్తుంది. 3 లక్షల జనాభా దాటిన నగరాల్లో వార్డు కమిటీలు ఉండాలని రాజ్యాంగంలో 243ఎస్ అధికరణం చెబుతోంది, 2011 లెక్కల్లోనే నెల్లూరు జనాభా సుమారు 5 లక్షలు. మీ డివిజన్ కమిటీలో ఎవరెవరున్నారు, చివరి సమావేశం ఎప్పుడు జరిగింది అని మీ అసోసియేషన్ తరఫున అడగండి. ఈ ఒక్క ప్రశ్న ప్రతి డివిజన్ నుంచీ వెళ్లాలని నా కోరిక.

ఒంగోలు సంగతి. అది 2012లో కార్పొరేషన్ అయింది, 50 డివిజన్లు, అక్కడి పట్టణాభివృద్ధి సంస్థ పేరు ఒడా. పద్ధతులన్నీ ఇవే, సచివాలయం, 1100, సోమవారం అర్జీలు, మన మిత్ర. రెండు తేడాలు గుర్తుంచుకోండి. కరెంటు అక్కడ సీపీడీసీఎల్ అనే మరో పంపిణీ సంస్థది, నంబరు మాత్రం 1912నే. రెండోది మంచినీళ్లు. ఒంగోలుకు సాగర్ కాలువ నీళ్లతో సమ్మర్ స్టోరేజీ ట్యాంకులు నింపి సరఫరా చేస్తారు, కాలువకు నీళ్లు ఆపితే ట్యాంకుల్లో ఉన్నదే ఆధారం. కాబట్టి మీ నాన్నగారిని మార్చి నుంచి పేపర్లో రెండు విషయాలు చూస్తుండమనండి, సాగర్ కుడి కాలువకు నీళ్లు ఎప్పటిదాకా వదులుతారు, ట్యాంకుల్లో నీళ్లు ఎన్ని రోజులకు సరిపోతాయి. వంతు ఎప్పుడు మారినా వీధికి నీళ్లు వదిలే వాల్వ్ మనిషికి ముందు తెలుస్తుంది, అతని ఫోన్ నంబరు అమ్మగారి దగ్గర ఉండేలా చూడండి. మీ డివిజన్ నంబరు కనుక్కున్నాక ఇక్కడే రాయండి, ఆ పక్క వీధులవాళ్లు ఇదివరకే ఏమైనా పనుల గురించి ఉత్తరాలు ఇచ్చి ఉంటే వాళ్లతో మిమ్మల్ని కలుపుతాను.